పాత సర్వర్‌లో «గ్లిబ్‌సీ_2.34 నాట్ ఫౌండ్»: ఎందుకొస్తుంది, ఏం చెయ్యాలి

సమస్య

కొత్త లినక్స్ మెషీన్‌లో బిల్డ్ చేసిన ప్రోగ్రామ్‌ని పాత లినక్స్ సర్వర్‌లో పెట్టి నడిపితే మెయిన్ ఫంక్షన్ దాకా కూడా వెళ్లదు. «లిబ్‌సీ.ఎస్ఓ.6: వెర్షన్ గ్లిబ్‌సీ_2.34 నాట్ ఫౌండ్» అని ఒక లైన్ వచ్చి ఆగిపోతుంది. గ్లిబ్‌సీ అంటే లినక్స్‌లో చాలా ప్రోగ్రామ్‌లు వాడుకునే సీ లైబ్రరీ, లిబ్‌సీ.ఎస్ఓ.6 దాని ఫైల్. వెళ్లి చూస్తే ఆ ఫైల్ అక్కడే ఉంటుంది, పేరూ అదే.

కారణం

పేరు చూసి నమ్మడంతోనే చాలామంది దారి తప్పుతారు. లిబ్‌సీ.ఎస్ఓ.6 అన్న పేరు 1997 నుంచీ అలాగే ఉంది, మారేదంతా లోపలే. ఒక ఫంక్షన్ ప్రవర్తన మారితే గ్లిబ్‌సీలో పాతదాన్ని తీసెయ్యరు. రెండింటినీ వేరు వేరు వెర్షన్ ట్యాగులతో ఉంచుతారు. ఎక్స్86-64లో, మెమరీని కాపీ చేసే మెమ్‌కాపీ ఫంక్షన్‌కి 2.2.5 ట్యాగుతో ఒకటి, 2.14 ట్యాగుతో ఇంకొకటి ఉన్నాయి. లింకర్ (బిల్డ్ చివర్లో ప్రోగ్రామ్‌ని లైబ్రరీలతో కలిపేది) ఆ రోజుకి డిఫాల్ట్‌గా ఉన్నదాన్ని, అంటే @@ గుర్తున్నదాన్ని ఎంచుకుని, ఆ ట్యాగుని బైనరీలో, అంటే తయారైన ప్రోగ్రామ్ ఫైల్‌లో రాసేస్తుంది. పాత బైనరీ కొత్త సిస్టమ్‌లో నడిచి, కొత్తది పాతదాంట్లో నడవకపోవడానికి కారణం ఇదే.

మరి 2.34 పేరే ఎందుకు ఇంత తరచుగా వినిపిస్తుంది? 2021 ఆగస్టులో వచ్చిన ఆ రిలీజ్‌లో థ్రెడ్ల కోసం ఉన్న పీథ్రెడ్ లైబ్రరీని లిబ్‌సీలో కలిపేశారు. ప్రోగ్రామ్‌ని మొదలుపెట్టే __లిబ్‌సీ_స్టార్ట్_మెయిన్‌కి కూడా కొత్త ట్యాగ్ ఇచ్చారు. అందుకే ఉబుంటు 22.04లో కంపైల్ చేసిన హలో వరల్డ్ కూడా, గ్లిబ్‌సీ 2.31 ఉన్న 20.04లో నడవదు.

పరిష్కారం

ముందు ఎర్రర్ లైన్‌ని పూర్తిగా చదవండి. «వెర్షన్» అన్న మాటకి ముందున్నది లోడర్‌కి (ప్రోగ్రామ్ మొదలయ్యేటప్పుడు లైబ్రరీలని తెచ్చి కలిపేది) దొరికిన లైబ్రరీ. «రిక్వైర్డ్ బై» తర్వాతున్నది ఆ వెర్షన్ అడుగుతున్న ఫైల్. చాలాసార్లు అడిగేది మీ ప్రోగ్రామ్ కాదు, దానితో వచ్చిన ఇంకో లైబ్రరీ. ఆ ఫైల్ మీద ఆబ్జ్‌డంప్‌ని (ఫైల్ లోపలి వివరాలు చూపించే టూల్) పెద్ద టీ ఆప్షన్‌తో నడిపి, 2.34 కోసం గ్రెప్ చేస్తే ఏ సింబల్ (ఫంక్షన్ లాంటి దాని పేరు) వల్లో తెలిసిపోతుంది.

నేను నమ్మే దారి ఒకటే: మీరు సపోర్ట్ చెయ్యాల్సిన వాటిలో అన్నిటికన్నా పాత సిస్టమ్‌ని కంటైనర్‌లో పెట్టుకుని, అందులో బిల్డ్ చెయ్యండి. మెమ్‌కాపీ లాంటి ఒక్క ఫంక్షనే అడ్డమైతే .సిమ్‌వర్ అనే అసెంబ్లర్ ఆదేశంతో పాత ట్యాగుకి కట్టెయ్యొచ్చు. స్టార్ట్_మెయిన్ విషయంలో మాత్రం ఆ పని చెయ్యకండి.

కొత్త లిబ్‌సీ ఫైల్ ఒక్కదాన్నే తెచ్చి పాత సర్వర్‌లో అసలు పెట్టకండి. లోడర్, లిబ్‌సీ ఒకే బిల్డ్‌వి కావాలి. సిస్టమ్ ఫైల్‌నే మార్చేస్తే ఎల్‌ఎస్ కమాండ్ కూడా పనిచెయ్యకపోవచ్చు.

ఇదే తరహావి ఇంకొన్ని

గ్లిబ్‌సీఎక్స్ఎక్స్_3.4.30 లేదంటే, అది జీసీసీ 12తో వచ్చిన సీ++ లైబ్రరీ ట్యాగ్. సిస్టమ్‌లో సరైనది ఉన్నా, ఎల్‌డీ_లైబ్రరీ_పాత్ (లైబ్రరీలని ముందు ఎక్కడ వెతకాలో చెప్పే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్) వల్ల పాతది ముందు దొరుకుతూ ఉండొచ్చు. ఎల్‌డీ_డీబగ్=లిబ్స్ పెట్టి నడిపితే ఏది ఎక్కడినుంచి లోడయిందో కనిపిస్తుంది.

«నో వెర్షన్ ఇన్ఫర్మేషన్ అవైలబుల్» అన్నది హెచ్చరిక మాత్రమే. దొరికిన లైబ్రరీని ట్యాగులు లేకుండా బిల్డ్ చేశారని అర్థం, ప్రోగ్రామ్ నడుస్తుంది.

కాసేపు నడిచాక «అన్‌డిఫైన్డ్ సింబల్» అని పడిపోతే అది లేజీ బైండింగ్ వల్ల. వెర్షన్ ట్యాగులని లోడర్ మొదట్లోనే సరిచూస్తుంది కానీ, ఫంక్షన్లని పిలిచినప్పుడే వెతుకుతుంది. ఎల్‌డీ_బైండ్_నౌ=1 పెడితే అదే తప్పు మొదట్లోనే బయటపడుతుంది.