బడిలో కొత్త పని - నాలుగో పాఠం: ‘లేదు’తో ముగిసే వాక్యం

పోయిన పాఠం చివర టీచర్లైన మీకు ఒక్క పనే ఇచ్చాను. మీ బడిలో మీరు మార్చాలనుకుంటున్న ఒక సమస్యను ఒకే వాక్యంలో రాసి పంపమన్నాను. చాలా వాక్యాలు వచ్చాయి. నాగర్‌కర్నూల్ వైపు నుంచి, దేవరకొండ తండాల నుంచి, మక్తల్ దగ్గరి ఊళ్ల నుంచి. అన్నీ చదివాను, కొన్నిటిని రెండుసార్లు. ఈసారి ఊరి తల్లుల దగ్గరికి ఎలా వెళ్లాలో చెప్పాల్సి ఉంది. దాన్ని ఆపుతున్నాను. వచ్చిన వాక్యాల్లో ఎక్కువ శాతం ఒకే మాటతో ముగిశాయి మరి.

ప్రొజెక్టర్ లేదు. సైన్స్ ల్యాబ్ లేదు. ఇంగ్లిష్ వాతావరణం లేదు. తల్లిదండ్రులకు శ్రద్ధ లేదు. పిల్లలకు ఆసక్తి లేదు.

తప్పు మీది కాదు. ‘సమస్య రాయండి’ అన్నానే తప్ప ఎలా రాయాలో చెప్పలేదు. అందుకే ఇవాళ్టి పాఠమంతా ఈ ఒక్క మాట మీదే. హెచ్‌ఎం అనుమతి, నోట్‌బుక్ పెట్టడం లాంటివి మీకు తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోను.

‘ప్రొజెక్టర్ లేదు’ అని రాశారంటే, పరిష్కారం ప్రొజెక్టరేనని అప్పుడే తేల్చేశారన్నమాట. ఇక మిగిలింది దాత కోసం తిరగడమే. సర్పంచ్ దగ్గరికి, హైదరాబాద్‌లో స్థిరపడ్డ పూర్వ విద్యార్థి దగ్గరికి, ఏదో కంపెనీకి తిరుగుతారు. ఇవ్వకపోతే ‘మన ఊళ్లో ఏమీ కాదు’ అని కూర్చుంటారు. ఇస్తే ఫ్లెక్సీ కడతారు, ఫొటో దిగుతారు. ఆర్నెల్లు పోయాక పిల్లల్లో ఏం మారిందని ఎవరన్నా అడిగితే చెప్పడానికి ఏమీ ఉండదు. ఏం మారాలో మొదట రాసుకోలేదు కదా.

నాకూ అలాగే అయింది. ఒక ఊళ్లో పని చేసేటప్పుడు ‘కంప్యూటర్ లేదు’ అని నేనే దరఖాస్తు రాశాను, నేనే ఇల్లిల్లూ తిరిగాను. డబ్బులు పోగయ్యాయి, కంప్యూటర్ వచ్చింది, పిల్లలు దానికి గుడ్డ కవర్ కూడా కుట్టారు. మరుసటి ఏడు జూన్‌లో బడిబాట కోసం వీధుల్లో తిరుగుతుంటే, కూలి డబ్బుల్లోంచి రెండు వందలు ఇచ్చిన ఒకాయన వాకిట్లో నిలబడి అడిగాడు: “సారూ, దాంతోని మా పిల్లగానికి ఏమొచ్చింది?” కోపంతో కాదు, తెలుసుకుందామనే అడిగాడు. నేను జవాబు చెప్పలేకపోయాను. ఆ పిల్లవాడికి భాగహారం పోయిన ఏడూ రాలేదు, ఆ ఏడూ రాలేదు. ‘లేదు’ వాక్యం కనిపిస్తే నేనెందుకు ఇంత పట్టుబడతానో మీకు అర్థమై ఉంటుంది.

మరి ఏం చెయ్యాలి? మీ వాక్యాన్ని మూడు ప్రశ్నలు అడగండి. ఎవరికి? ఎప్పుడు? ఏం జరగట్లేదు? జవాబులో కొనే వస్తువు పేరు ఉండకూడదు. ఎవరి గుణాన్నీ తిట్టకూడదు.

ప్రొజెక్టర్ అడిగిన మక్తల్ వైపు సారును ఫోన్‌లో ఇవే అడిగాను. అడగ్గా అడగ్గా తేలిందేమిటంటే, ఆరో తరగతి పిల్లలు పటం చూసి కృష్ణ ఎటు నుంచి ఎటు పారుతుందో చెప్పలేకపోతున్నారు. కృష్ణ తెలంగాణలో అడుగుపెట్టేది వాళ్లకు దగ్గర్లోనే, తంగిడి దగ్గర. ఇప్పుడు చూడండి, ఆ వాక్యానికి ప్రొజెక్టర్ అక్కరలేదు. బడి ముందు నేల మీద సున్నంతో నది గీసి, ఒకరిని జూరాల దగ్గర, ఒకరిని శ్రీశైలం దగ్గర, ఒకరిని నాగార్జునసాగర్ దగ్గర నిలబెట్టి, తంగిడి నుంచి ఒక బిందె నీళ్లు పోసి ‘ఎటు పోతున్నయో చూడండి’ అంటే చాలు. ఒక గంట పని. ప్రొజెక్టర్ వద్దని నేననను. అవసరం రుజువయ్యాక అడగండి, అప్పుడు ఇచ్చేవాళ్లూ ఇస్తారు.

మహారాష్ట్రలో షోలాపూర్ జిల్లా పరితేవాడిలో పని చేసిన రంజిత్‌సింహ్ దిసాలే పేరు విన్నవాళ్లున్నారు. 2020లో గ్లోబల్ టీచర్ ప్రైజ్ గెలిచి, ఆ 10 లక్షల డాలర్లలో సగం మిగతా ఫైనలిస్టులకు పంచారాయన. ఆయన పేరెత్తగానే మన వాళ్లంతా పాఠ్యపుస్తకాల్లో ఆయన పెట్టిన క్యూఆర్ కోడ్ సంగతే చెప్తారు. నాకు దానికన్నా ముందున్న మెట్టు ముఖ్యం. పుస్తకం ఉన్న భాష, ఆ పిల్లలు ఇంట్లో మాట్లాడే భాష ఒకటి కాదని ఆయన గమనించారు. వాళ్లది కన్నడం. తను కన్నడం నేర్చుకుని పాఠాలను వాళ్ల భాషలోకి మార్చారు. కోడ్ లేకపోయినా ఆ గమనింపు అక్కరకొస్తుంది. దేవరకొండ తండాల్లో మొదటి తరగతికి వచ్చే లంబాడా పిల్లల విషయంలో మీలో ఎంతమంది ‘పుస్తకం భాష, ఇంటి భాష ఒకటి కాదు’ అన్న వాక్యం రాయగలరో చూడండి. నారాయణపేట వైపు కర్ణాటక సరిహద్దు ఊళ్ల సార్లు కూడా.

టీచర్ కాని మనిషి ఒకరున్నారు, నాకు ఇష్టమైన ఉదాహరణ. ఆలేరు ప్రాంతం చింతకింది మల్లేశం, బడి చదువు మధ్యలోనే ఆగిపోయినాయన. పోచంపల్లి పట్టుచీర నేసే ముందు ఆసు పోయాలి, అంటే దారాన్ని మేకుల చుట్టూ చేత్తో చుట్టాలి. ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ ఆడాలి. వాళ్లమ్మ లక్ష్మి భుజం నొప్పితో ఆ పని చేసేది. మల్లేశం ‘మా ఇంట్లో మిషన్ లేదు’ అనుకోలేదు. అప్పటికి అలాంటి మిషనే ప్రపంచంలో లేదు. ‘అమ్మ చెయ్యి ఇన్నిసార్లు ఆడుతోంది’ అన్న దగ్గర మొదలుపెట్టి, ఏళ్ల తరబడి పని చేసి 1999లో లక్ష్మీ ఆసు యంత్రాన్ని పూర్తి చేశారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. మన ఊళ్ల పక్కనే ఇంత పాఠం ఉంది.

ఇక నా సొంత లెక్క. ఇది కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే మీలో ముగ్గురు ‘పిల్లలకు ఆసక్తి లేదు’ అని రాశారు, ఒకప్పుడు నేనూ అదే రాశాను.

గద్వాల వైపు సీడుపత్తి పండే ఒక ఊళ్లో ఏడో తరగతికి లెక్కలు చెప్పేవాణ్ని. మొదటి పీరియడ్ నాదే. సెప్టెంబర్‌లో భిన్నాలు ఎంత చెప్పినా ఎక్కడం లేదు. రిజిస్టర్ చూస్తే దాదాపు అందరూ హాజరే. అప్పుడు రిజిస్టర్ పక్కన పెట్టి, ఒక పొడుగు నోట్‌బుక్ పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాను. ఎవరు ఎన్ని గంటలకు లోపలికొస్తున్నారో రాశాను. నేను యాప్‌లు వాడను, చేత్తో రాస్తేనే నా మనసుకు ఎక్కుతుంది. సంత రోజు లెక్కలో కలపను, ఆ రోజు ఏ బడి లెక్కైనా తప్పుతుంది. మొదటి వారానికే తెలిసిపోయింది. ఆడపిల్లల్లో ఎక్కువమంది పదిన్నర దాటాక వస్తున్నారు. ఒక పిల్ల వేళ్ల సందుల్లో పసుప్పచ్చగా పుప్పొడి అంటుకుని ఉంది. “పొద్దుగాల క్రాసింగ్‌కు పోయొచ్చిన సార్” అంది. క్రాసింగ్ అంటే విత్తనం కోసం పత్తి పువ్వులను చేత్తో సంకరం చేసే పని. ముందు రోజు సాయంత్రం మొగ్గ ఒలుస్తారు, తెల్లారి మగపువ్వు రుద్దుతారు. ఆ పని పొద్దునే చెయ్యాలి, ఎండ ముదిరితే కుదరదు. నా లెక్కల పీరియడూ పొద్దునే.

కాబట్టి వాక్యం ఇలా మారింది: ‘ఆగస్టు నుంచి అక్టోబర్ దాకా ఏడో తరగతి ఆడపిల్లలు పదిన్నర దాటాకే బడికి వస్తున్నారు.’ ఇందులో ఆసక్తి మాటే లేదు. తెలుగు సారును బతిమాలి పీరియడ్ మార్చుకున్నాను. లెక్కలు భోజనం తర్వాతికి వెళ్లాయి. ఖర్చు సున్నా. రెండు వారాల్లో ఆ పిల్లలు బోర్డు దగ్గరికి లేచి రావడం మొదలుపెట్టారు.

ఇది చెప్పినప్పుడల్లా ఒక ప్రశ్న వస్తుంది. ఈసారీ ఒక టీచరమ్మ రాశారు: పీరియడ్ మార్చడమంటే పిల్లల చేత పని చేయించడాన్ని ఒప్పుకున్నట్టే కదా? ఆ అనుమానం న్యాయమైనదే. 1991 నుంచి రంగారెడ్డి జిల్లాలో శాంతా సిన్హా గారూ, బాల కార్మికుల్ని బడికి తెచ్చే ఎం.వి. ఫౌండేషన్ వాళ్లూ పట్టుబట్టింది ఇదే. బడిలో లేని ప్రతి పిల్లా బాలకార్మికురాలే, పనికి వీలుగా చదువును కుదించకూడదు అన్నారు. పని మాన్పించిన పిల్లలకు, పోయిన చదువును అందుకునేలా బ్రిడ్జి కోర్సులు పెట్టి, వయసుకు తగ్గ తరగతిలో కూర్చోబెట్టారు. వాళ్ల మాటే సరైనది. నేను పీరియడ్ మార్చింది సీజన్‌లో మిగిలిన ఆ నెలన్నరా పిల్లల చదువు పోకూడదని. అదే నోట్‌బుక్ పట్టుకుని మహిళా సంఘం మీటింగ్‌కూ వెళ్లాను. తేదీలు, టైములు చదివి వినిపించాను. పేర్లు చదవలేదు, దయచేసి మీరూ చదవకండి. ఒక తల్లి లేచి, “గిన్ని దినాలు పోయినయా?” అంది. అంతకుముందు ఏడాది ఇదే గదిలో ‘పిల్లల్ని బడికి పంపండి’ అని నేను గంటసేపు మాట్లాడితే ఎవరూ నోరు విప్పలేదు. మరుసటి సీజన్‌కు ఆ సంఘంలోనే నాలుగిళ్ల వాళ్లు పొద్దుటి పనికి పెద్ద కూలీలనే పెట్టుకున్నారు. మిగతా ఇళ్లలో మారలేదు.

‘తల్లిదండ్రులకు శ్రద్ధ లేదు’ అని రాసినవాళ్లకు ఒక్క మాట. మీటింగ్ పెట్టింది ఎన్ని గంటలకు? పగలు పదకొండింటికైతే, వచ్చిన ప్రతి తల్లీ ఒక పూట కూలి వదులుకుని వచ్చినట్టు. పాలమూరులో అమ్మానాన్నా ఇద్దరూ ముంబై, పుణె పనులకు పోయిన ఇళ్లున్నాయి. అక్కడ మీ నోటీసు అందేది నాయనమ్మకు, ఆమెకు చదవడం రాకపోవచ్చు. ‘పగటి మీటింగ్‌కు ఇంతమందిలో ఇంతమందే వచ్చారు’ అని రాయండి. తర్వాత ఒకసారి రాత్రి ఏడింటికి పెట్టి చూడండి. 2024 నుంచి బడి బాగోగులు చూసే అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చాక ఇది ఇంకా తేలిక. అధ్యక్షురాలు మహిళా సంఘాల సమాఖ్య మనిషే కాబట్టి, సమాఖ్య మీటింగ్ రోజునే మీరూ వెళ్లొచ్చు.

మర్రిగూడ వైపు మేడం ‘ఆర్‌వో ప్లాంట్ లేదు’ అన్నారు. తాగే నీళ్లలోని ఫ్లోరైడ్ ఎంత చేటు చేసిందో ఆ ఊళ్లకు నేను చెప్పక్కర్లేదు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి లోకమంతా నల్గొండ పేరే ఉంది. అయినా మేడం, ముందు వారం రోజులు పిల్లల సీసాలు చూడండి. ఏ నీళ్లు ఇంటి నల్లావి, ఏవి చేను బోరువి అని రాయండి. మిషన్ భగీరథ నల్లా ఉండి కూడా రుచి కోసం బోరు నీళ్లు తెస్తుంటే, మీ బడికి కావాల్సింది ప్లాంటా, ఇంకేమన్నానా? ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే నీళ్లు దొరకని చోట 1.5 దాకా ఒప్పుకుంటారు. పిల్లలు ఆ సీసాల నీళ్లను పరీక్షకు పంపితే అదే సైన్స్ పాఠం.

ఇక అభ్యాసం. కొంచెం ఎక్కువే ఇస్తున్నాను.

పన్నెండు బడి రోజులు ఒకే ఒక్క విషయాన్ని లెక్కపెట్టండి. సంత రోజు వదిలేయండి. పదమూడో రోజు పన్నెండు మాటలు మించకుండా వాక్యం రాయండి. అందులో ‘శ్రద్ధ’, ‘ఆసక్తి’, ‘వాతావరణం’ ఉండకూడదు. కొనే వస్తువు ఏదీ ఉండకూడదు. దాన్ని ముగ్గురికి చదివి వినిపించండి: ఒక తల్లికి, మధ్యాహ్న భోజనం వండే అమ్మకు, ఆ తరగతిలో వెనక వరసలో కూర్చునే ఒక పిల్లకు. ముగ్గురిలో ఒక్కరైనా ‘అట్ల కాదు సారూ’ అంటే మళ్లీ లెక్కపెట్టండి. ముగ్గురూ అవునంటే, ఒకే తరగతిలో రెండు వారాలు, మూడు వందల రూపాయలు దాటకుండా ఒక మార్పు చేసి చూడండి. మొదలుపెట్టే ముందే నోట్‌బుక్ మొదటి పేజీలో ‘ఏ అంకె మారకపోతే దీన్ని ఆపేస్తాను’ అని రాసి, కింద తేదీ వేసి, పక్క తరగతి టీచర్‌తో సంతకం పెట్టించండి. ఆ సంతకం వదలొద్దు. రెండు వారాలయ్యాక మనసు మారిపోతుంది, నాకు మారింది.

నాకు వాక్యం ఒక్కటే పంపితే చాలదు. లెక్కపెట్టి రాసిన పేజీ ఫొటో కూడా పంపండి, పిల్లల పేర్లు కొట్టేసి. వాటిని చూశాకే తల్లుల దగ్గరికి వెళ్లే పాఠం మొదలుపెడతాను.