వింటర్ టైర్లకు విడిగా రిమ్ములు కొనండి

కెనడాలోని క్యూబెక్‌లో డిసెంబర్ 1 నుంచి మార్చి 15 దాకా వింటర్ టైర్లు తప్పనిసరి. కారు మూడు నాలుగేళ్లయినా ఉంచుకునేటట్టయితే వాటికి విడిగా నాలుగు స్టీల్ రిమ్ములు కొనేయండి. ఒకే రిమ్ము మీద ఏటా రెండుసార్లు టైర్లు ఊడదీసి ఎక్కిస్తుంటే టైరు అంచు దెబ్బతినొచ్చు, లోపలి ప్రెషర్ సెన్సర్ విరగొచ్చు, బ్యాలెన్సింగ్ ఖర్చు ప్రతిసారీ ఉండనే ఉంటుంది.

బోల్టుల కొలత, మధ్య రంధ్రం, ఆఫ్‌సెట్ (రిమ్ము మధ్యగీత నుంచి అది హబ్‌కు ఆనుకునే చోటు ఎంత దూరమో) మీ కారుకు సరిపోవాలి. అంగుళం చిన్న రిమ్ముకు టైర్లు చవక, గుంతల్లోనూ నయం. బ్రేక్ కాలిపర్‌కు (బ్రేక్ డిస్క్‌ను నొక్కి పట్టే భాగానికి) మాత్రం తగలకూడదు.

అందరూ మరిచేది నట్లు. హోండా కంపెనీ రిమ్ములకు గుండ్రటి సీటు (రిమ్ముకు ఆనుకునే చోటు) ఉన్న నట్లుంటాయి. బయట కొన్నవాటికి ఎక్కువగా కోను ఆకారపు సీటున్న నట్లు కావాలి. తప్పు నట్టు ఎంత బిగించినా సరిగ్గా కూర్చోదు, నడుస్తుంటే వదులవుతుంది. సరైనవి వేసినా 80–100 కిలోమీటర్లు తిరిగాక టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగించాలో సెట్ చేసుకునే పానాతో) మళ్లీ బిగించండి.