పాత అమెరికన్ డైనర్ ఎప్పటిదో, ఏ ఫ్యాక్టరీదో కనిపెట్టడం ఎలా?

డైనర్ అంటే కౌంటర్ ముందు స్టూళ్ల మీద కూర్చుని తినే చిన్న హోటల్. అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో రోడ్డు పక్కన కనిపించే పాత డైనర్లలో చాలావాటిని అక్కడ కట్టలేదు. ఫ్యాక్టరీలోనే కౌంటర్, స్టూళ్లు బిగించి, రైలు మీదో ట్రక్కు మీదో తెచ్చి పునాది మీద దించారు. అలాంటిది ఎదురైతే బోర్డు మీది సంవత్సరాన్ని ముందు పక్కన పెట్టండి. అది వ్యాపారం మొదలైన ఏడాది కావచ్చు. ఈ డైనర్లు చేతులు మారేవి, ఊళ్లు మారేవి. కొత్తది కొనేవాళ్ల దగ్గర పాతది తీసుకుని, బాగుచేసి మరొకరికి అమ్మడం తయారీదారులకు మామూలే.

మొదట అది రైలు పెట్టె కాదని తేల్చుకోండి. ‘పాత రైలు పెట్టెను మార్చారు’ అని లోపల పనిచేసేవాళ్లే చెబుతుంటారు, ఎక్కువసార్లు అది తప్పు. రైలు డైనింగ్ కార్ సుమారు 10 అడుగుల వెడల్పు, 70–80 అడుగుల పొడవు ఉంటుంది. వంటగది ఒక చివర ఉంటుంది. ఒకే ముక్కగా వచ్చిన ఫ్యాక్టరీ డైనర్ సాధారణంగా అంతకంటే పొట్టిగా ఉంటుంది, కౌంటర్ మాత్రం పెట్టె పొడవునా సాగుతుంది. ఈ అపోహకు కారణం లేకపోలేదు. 1890లలో కరెంటు ట్రాములు వచ్చాక గుర్రపు ట్రాముల పెట్టెలు చౌకగా దొరికాయి, కొన్నిటిని తిండి దుకాణాలుగా మార్చారు. ‘డైనర్’ అనే పేరు కూడా డైనింగ్ కార్ నుంచే వచ్చింది.

అంతకుముందు కథ క్లుప్తంగా: 1872లో రోడ్ ఐలండ్‌లోని ప్రావిడెన్స్‌లో వాల్టర్ స్కాట్ గుర్రపు బండి మీద రాత్రి పనివాళ్లకు తిండి అమ్మాడు. కొనేవాళ్లు బయటే నిలబడేవారు. 1887లో మసాచుసెట్స్‌లోని వూస్టర్‌లో శామ్యూల్ జోన్స్ వాళ్లను బండి లోపలికి తెచ్చాడు. ఆ కాలపు బండి చూడాలంటే డెట్రాయిట్ దగ్గర గ్రీన్‌ఫీల్డ్ విలేజ్ మ్యూజియంలో ‘ఔల్ నైట్ లంచ్ వ్యాగన్’ ఉంది, హెన్రీ ఫోర్డ్ 1927లో దాన్ని కొన్నాడు.

ఇప్పుడు పైకప్పు చూడండి. పీపాను నిలువునా కోసి బోర్లించినట్టు గుండ్రంగా ఉంటే బ్యారెల్ రూఫ్. నడుమ భాగం పైకి లేచి, పక్కల చిన్న కిటికీల వరుస ఉంటే మానిటర్ రూఫ్. ముక్కు ఏటవాలుగా, రైలింజిన్‌లా దూసుకెళుతున్నట్టుంటే అది స్టెర్లింగ్ స్ట్రీమ్‌లైనర్ కావచ్చు. మసాచుసెట్స్‌లోని మెరిమాక్‌లో జడ్కిన్స్ కంపెనీ 1942 వరకే వాటిని చేసింది. రోడ్ ఐలండ్ పటకెట్‌లోని మోడర్న్ డైనర్ ఆ రకమే.

బయటి రేకులు కంపెనీని పట్టిస్తాయి. వూస్టర్ లంచ్ కార్ కంపెనీ చెక్క చట్రానికి పింగాణీ ఎనామెల్ రేకులు బిగించేది, పేరు అక్షరాలను రేకులోనే కాల్చి పట్టించేది. అందుకే అవి రంగు వేసిన అక్షరాల్లా పెచ్చులూడవు. చెడిపోయేది స్క్రూ రంధ్రాల దగ్గర. అక్కడ ఎనామెల్ పగిలి, కింది ఇనుము తుప్పు పట్టి, గోధుమరంగు చారలు కిందికి జారుతాయి. నున్నటి స్టెయిన్‌లెస్ స్టీల్ కవచం ఎక్కువగా న్యూజెర్సీ కంపెనీల పని, రెండో ప్రపంచయుద్ధం తర్వాత విరివిగా వచ్చింది. కానీ పాతదానికి స్టీలు తొడిగినవీ ఉన్నాయి. కిటికీ చట్రం చెక్కది, చుట్టూ మెరిసే స్టీలు ఉంటే అనుమానించండి.

లోపల నేల, పైకప్పు చూడండి. స్టూళ్లు మాత్రమే ఉండి, బెంచీ బల్లలు పట్టే చోటే లేకపోతే అది 1920లదో అంతకు ముందుదో అయివుండే అవకాశం ఎక్కువ. 1922లో తయారైన, మసాచుసెట్స్‌లోని నేటిక్ ఊళ్లో ఉన్న కేసీస్ డైనర్‌లో ఉన్నవి 10 స్టూళ్లే. సీలింగ్‌కు అడ్డంగా వెడల్పాటి లోహపు పట్టీ కనిపిస్తే రెండు భాగాలను అక్కడ కలిపారన్నమాట. యుద్ధం తర్వాతి పెద్ద డైనర్లు ఇలా ముక్కలుగా వచ్చాయి. పట్టీ కింద నేలలోనూ అతుకు ఉండాలి. లేకపోతే అది అలంకారమే.

చివరికి తయారీదారు బిగించిన పేరుపలక, దాని మీది నంబరు. ప్యాటర్సన్ వెహికల్ కంపెనీ చేసిన సిల్క్ సిటీ డైనర్లది తేలిక: నంబరులో మొదటి రెండంకెలు సంవత్సరం. 47తో మొదలైతే 1947. వూస్టర్‌ది అంత తేలిక కాదు. కంపెనీ 1906లో మొదలైంది, నంబర్లు మాత్రం 200 నుంచి వేశారు. 1957లో 850తో ఆగాయి. వూస్టర్ ఊళ్లోని బులెవార్డ్ డైనర్ 730 (1936), మిస్ వూస్టర్ 812 (1948). లెక్కేస్తే 1936 దాకా ఏడాదికి సగటున 18 దాకా తయారయ్యాయి, ఆ తర్వాతి పన్నెండేళ్లలో ఏడాదికి 7 మించలేదు. 200 నుంచి 850 దాకా సరళరేఖ గీసి సంవత్సరం తీస్తే 730 నంబరుది 1947 అని వస్తుంది, 11 ఏళ్లు తప్పు! తెలిసిన రెండు నంబర్ల మధ్యే అంచనా వేయండి. అప్పుడు కూడా యుద్ధకాలంలో తయారీ కుంటుపడిందని గుర్తుంచుకోండి.

పలక లేకపోతే తలుపు అంచు, కిటికీ చట్రాల చెక్క మీద కొట్టిన అంకెలేమైనా ఉన్నాయేమో యజమాని అనుమతితో చూడండి. ఒకే నంబరు రెండు మూడు చోట్ల కలిస్తే నమ్మొచ్చు. ఒక్క తలుపు మీదే ఉంటే అది వేరే డైనర్ నుంచి తెచ్చి బిగించిన తలుపు కావచ్చు.