రెండేళ్ళ బిడ్డతో మొదటి హాలోవీన్: నాలుగిళ్ళు చాలు

హాలోవీన్ అంటే పిల్లలు వేషాలు వేసుకుని, సాయంత్రం ఇల్లిల్లూ తిరిగి చాక్లెట్లు అడిగే పండగ. ముక్కూ మొహం తెలియనివాళ్ళ తలుపు తట్టి చాక్లెట్లు అడగడమా అన్న బెరుకుతో, అమెరికా వచ్చిన మొదటి ఏడాది అక్టోబరు 31న మేము దీపాలన్నీ ఆర్పేసి ఇంట్లోనే కూర్చున్నాం. ఎవరూ రాలేదు. అదృష్టమే అనుకున్నాను. తరవాత తెలిసింది, ఇక్కడి సంకేతమే అదని: గుమ్మం బయటి దీపం వెలుగుతుంటే రమ్మని, ఆరి ఉంటే రావద్దని. ఈ ఒక్క సంగతి తెలిస్తే సగం పండగ తెలిసినట్టే.

మిగిలిన బెరుకు మా నాన్నగారు పోగొట్టారు. ఫోనులో సంగతి చెబితే, "మేము దసరాకు అయ్యవారి వెంట ఇల్లిల్లూ తిరిగి, పద్యాలు పాడి పప్పుబెల్లాలు తెచ్చుకోలేదా?" అన్నారు. మరుసటి ఏడు మా అమ్మాయికి రెండేళ్ళు నిండాయి. బయలుదేరాం.

చిన్నపిల్లలతో వెళ్ళేవారు వెలుగుండగానే వెళ్ళాలి. ఆ రోజు న్యూజెర్సీలో ఆరింటికి కాస్త ముందే పొద్దు గుంకుతుంది. డాలస్‌లో ఆరున్నర దాటుతుంది. చీకటి పడ్డాక పెద్దపిల్లలు భయంకరమైన ముసుగులతో వస్తారు, వాళ్ళను చూస్తే పసివాళ్ళు హడలిపోతారు. కొన్ని ఊళ్ళలో ఏ వేళ నుంచి ఏ వేళ దాకా తిరగవచ్చో పురపాలక సంఘమే ప్రకటిస్తుంది, ముందే చూసుకోండి. అపార్ట్‌మెంటులో ఉంటే, విడి ఇళ్ళున్న వీధిలో ఉండే స్నేహితులతో కలిసి వెళ్ళండి. అదీ కుదరకపోతే 'ట్రంక్ ఆర్ ట్రీట్' ఉంది: బడి లేదా చర్చి పార్కింగులో కార్ల డిక్కీలు అలంకరించి, అక్కడే చాక్లెట్లు పంచుతారు. వీధి దాటే పని ఉండదు కాబట్టి, నన్నడిగితే రెండేళ్ళవాళ్ళకు ఇదే హాయి.

వేషం సంగతి. కృష్ణాష్టమికి కొన్న బాలకృష్ణుడి దుస్తులు పెట్టెలో ఉన్నాయి కదా అని చాలామందికి అనిపిస్తుంది. వేయండి, కానీ అవి ఆగస్టు ఎండకు కుట్టినవి. లోపల వెచ్చటి థర్మల్స్ లేకపోతే కృష్ణుడికి మర్నాడు జలుబే. మొహం కప్పే ముసుగు వద్దు, దారి కనబడదు. నేల జీరాడే అంచులూ వద్దు. మెట్ల మీద గుమ్మడికాయల్లో కొవ్వొత్తులు వెలిగించి పెడతారు. దీపావళి రోజు పట్టులంగా విప్పించి నూలు గౌను తొడిగే అమ్మమ్మల జాగ్రత్త ఇక్కడ సరిగ్గా సరిపోతుంది. కారులో వెళితే దూది కూరిన లావుపాటి వేషం విప్పేశాకే సీటు బెల్టు పెట్టండి, లేకపోతే పట్టీలు వదులుగా ఉండిపోతాయి.

నాలుగు రోజుల ముందు నుంచి పడకగది తలుపు దగ్గర ఆట ఆడించండి: తట్టడం, 'ట్రిక్ ఆర్ ట్రీట్' (తాయిలం పెడతారా, అల్లరి చేయమంటారా) అనడం, ఒక్కటే తీసుకోవడం, 'థాంక్యూ' అనడం. మాటలు రాకపోతే చెయ్యి ఊపినా చాలు, అవతలివాళ్ళు మురిసిపోతారు. ఇంత తర్ఫీదు ఇచ్చాక మా అమ్మాయి ఏం చేసిందంటారా? మొదటి ఇంట్లో ఒక పెద్దావిడ నవ్వుతూ తలుపు తీశారు. మాది గుమ్మంలోనే చతికిలబడి బూట్లు విప్పడం మొదలుపెట్టింది. తలుపు తీశారంటే లోపలికి రమ్మనే కదా, మన ఇళ్ళలో! ఆవిడకు అర్థం కాలేదు, నాకు నవ్వాగలేదు. రెండో ఇంట్లో తన బుట్టలోని చాక్లెట్టు తీసి వాళ్ళ గిన్నెలో వేసి వచ్చింది. నాలుగో ఇంటి మెట్ల మీద పచ్చటి మంత్రగత్తె బొమ్మ కనబడగానే నా భుజమెక్కి, ఇక దిగలేదు. అక్కడితో సరి. ఇంకో రెండిళ్ళు అని లాక్కుపోకండి.

ఇంటికొచ్చాక బుట్ట మీ చేతికి తీసుకోండి. గట్టి క్యాండీలు, చూయింగ్ గమ్, గింజలు, పాప్‌కార్న్ గొంతుకు అడ్డం పడతాయి. నాలుగేళ్ళలోపు పిల్లలకు ఇవేవీ పెట్టవద్దని ఇక్కడి పిల్లల వైద్యుల సంఘం చెబుతుంది. శాకాహారులైతే గమ్మీలు, మార్ష్‌మాలోలు, క్యాండీ కార్న్ పొట్లాల మీద జెలటిన్ అన్న మాట వెతకండి. అది జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసేది. వేరుశనగ పడని పిల్లలుంటే, నెమలికంఠం రంగు వేసిన గుమ్మడికాయ ఉన్న ఇళ్ళు చూసుకోండి. అక్కడ తినుబండారాలకు బదులు స్టిక్కర్లు, చిన్న బొమ్మలు దొరుకుతాయి. ఆహార ఎలర్జీల మీద పనిచేసే ఫేర్ అనే సంస్థ 2014 నుంచి దేశమంతటా దీన్ని ప్రచారం చేస్తోంది.

మీ గుమ్మంలోనూ ఒక గిన్నె పెట్టుకోండి. 'ఒక్కటే తీసుకోండి' అని కాగితం అంటించి గిన్నె బయట వదిలి వెళ్ళవచ్చు. కాకపోతే మొదట వచ్చిన పెద్దపిల్లల గుంపే దాన్ని బోర్లిస్తుంది. ఇంట్లో ఒకరు ఉంటే మేలు. అడగడానికి సిగ్గుపడ్డ మా అమ్మాయికి ఇవ్వడం మాత్రం తెగ నచ్చింది. ఒకటి ఇవ్వమంటే గుప్పెడు ఇచ్చింది. ఏడుంబావుకల్లా గిన్నె ఖాళీ. అలా అయినప్పుడు కంగారు పడకండి, బయటి దీపం ఆర్పేయండి.