పాత డెస్క్‌టాప్‌లో కొత్త ఆపరేటింగ్ సిస్టమ్: పాత డిస్కును చెరపకుండా ఎలా ఎక్కించాలి?

కడప ఎర్రముక్కపల్లెలో మా అక్కావాళ్లింట్లో, కడప బండ అరమీద ఒక డెస్క్‌టాప్ ఉంది. 2012లో బావ పెళ్లిపత్రికల డీటీపీ పని కోసం కొన్నది. ఐ3-2120 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్‌డిస్క్, విండోస్ 7. స్విచ్ వేసి, టీ కాచుకుని తాగి వచ్చినా తెరమీద చక్రం తిరుగుతూనే ఉండేది. బ్యాంకు వెబ్‌సైటు తెరవబోతే బ్రౌజర్ పాతదంటూ మొండికేసేది. ఒక షాపులో చూపిస్తే పాత సామాన్లకు వేసేయమన్నారట. "పారేయాలా, పనికొస్తుందా?" అని అక్క ఫోన్ చేసింది. పనికొచ్చింది. ఒక ఎస్‌ఎస్‌డీ (హార్డ్‌డిస్కు చేసే పనే ఎంతో వేగంగా చేసే కొత్తరకం డిస్కు), ఒక ర్యామ్ ముక్క, ఒక ఆదివారం పట్టాయి.

ఏది ఎక్కించాలి?

సగం జవాబు ప్రాసెసర్ నంబరులోనే ఉంటుంది. స్టార్ట్ మెనూలో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ అని వెతికితే ఆ నంబరు కనిపిస్తుంది. ఇంటెల్‌లో ఐ3, ఐ5 తర్వాత నాలుగంకెలుంటే మొదటి అంకె తరాన్ని చెబుతుంది: 2120 రెండో తరం, 8100 ఎనిమిదో తరం. ఐదంకెలుంటే మొదటి రెండూ చూడాలి. 10400 పదో తరం. విండోస్ 11కు ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం నుంచే అధికారిక అనుమతి. దానితోపాటు 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్థలం, సెక్యూర్ బూట్ (మొదలయ్యేటప్పుడే నకిలీ ప్రోగ్రాములను ఆపే ఏర్పాటు), టీపీఎం 2.0 (తాళంచెవుల్లాంటి రహస్యాలు దాచే భద్రతా భాగం) ఉండాలి. ఈ టీపీఎం దగ్గరే చాలామంది నిరాశపడి వెనక్కి తిరుగుతారు. తగిన ప్రాసెసర్ ఉండి కూడా కంప్యూటర్ పనికిరాదని వస్తే, టీపీఎం ఉండీ బయాస్‌లో, అంటే స్విచ్ వేయగానే ముందుగా నడిచే బోర్డు సొంత ప్రోగ్రామ్‌లో, ఆపి ఉండవచ్చు. ఇంటెల్ బోర్డుల్లో పీటీటీ, ఏఎండీ బోర్డుల్లో ఎఫ్‌టీపీఎం అనే పేరుతో వెతికి ఆన్ చేసి చూడండి. బయాస్‌నే అప్‌డేట్ చేయాల్సి వస్తే మాత్రం యూపీఎస్ లేకుండా ముట్టుకోవద్దు. మధ్యలో కరెంటు పోతే బోర్డే పోవచ్చు.

ప్రాసెసర్ అంతకంటే పాతదైతే విండోస్ దారి ఇరుకు. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఇళ్లలో వాడుకునేవారికి అదనపు భద్రతా అప్‌డేట్ల పథకం 2026 అక్టోబర్ 13 వరకే ప్రకటించారు. తనిఖీలను తప్పించి విండోస్ 11 ఎక్కించే ఉపాయాలూ ఉన్నాయి. నా ఇంట్లో ప్రయోగానికి చేస్తానేమో గానీ, అక్క బ్యాంకు లావాదేవీలు చేసే మెషీన్‌లో చేయను. కోర్ 2 డ్యుయో కాలం నాటి ప్రాసెసర్లపై విండోస్ 11 24హెచ్2 వెర్షన్ అసలు మొదలే కాదు.

మిగిలింది లినక్స్, విండోస్ బదులు వాడుకోగల ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్. దానిలో చాలా రకాలున్నాయి; కొత్తవారికి లినక్స్ మింట్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం తేలిక. 2 జీబీ ర్యామ్‌తో నడుస్తుంది, 4 ఉంటే హాయిగా ఉంటుంది. డబ్బు కట్టనక్కరలేదు. మింట్ 22 శ్రేణి వెర్షన్లకు 2029 వరకు అప్‌డేట్లు వస్తాయి.

అయితే మీ పని ట్యాలీ మీద, వేలిముద్ర పరికరం మీద, అను ఫాంట్లతో (డీటీపీలో వాడే పాత తెలుగు ఫాంట్లు) పేజీలు కూర్చే పేజ్‌మేకర్ మీద ఆధారపడి ఉంటే లినక్స్ ఒక్కటే చాలదు. బావ చిక్కు అదే. ఇన్నేళ్ల పత్రికల నమూనాలన్నీ అను ఫాంట్లలో ఉన్నాయి. ఆ ఫాంటు లేనిచోట తెరిస్తే తెలుగు బదులు అర్థంలేని గుర్తులు కనిపిస్తాయి. ఎక్కడ తెరిచినా తెలుగుగానే కనిపించే యూనికోడ్‌లోకి మార్చే సాధనాలున్నా, వరుడి ఇంటిపేరులో ఒక ఒత్తు జారితే మాట పడేది బావ. అందుకే పాత హార్డ్‌డిస్కును విండోస్ 7తో సహా అలాగే వదిలేసి, కొత్త ఎస్‌ఎస్‌డీ మీద మింట్ ఎక్కించాం.

ఏం కొనాలి?

240 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ (పాత హార్డ్‌డిస్కులాగే సాటా కేబుల్‌తో బోర్డుకు తగిలేది) చాలు. పాత బోర్డులో దాని పూర్తి వేగం రాకపోవచ్చు, అయినా తేడా మొదటి నిమిషంలోనే తెలుస్తుంది. ఇలాంటి మెషీన్లలో ముసలిదయ్యేది తరచుగా హార్డ్‌డిస్కే, ప్రాసెసర్‌కు అంత వయసు రాదు. సాటా కేబుల్ కూడా అడిగి తీసుకోండి, ఎస్‌ఎస్‌డీ పెట్టెలో సాధారణంగా ఉండదు. పవర్ సప్లై నుంచి సాటా కనెక్టర్ ఇంకొకటి ఖాళీగా ఉందో లేదో ముందే చూసుకోండి.

ర్యామ్ కొనేటప్పుడు పాత ముక్కను ఊడదీసి జేబులో వేసుకుని షాపుకు వెళ్లడం మేలు. ర్యామ్‌లోనూ తరాలుంటాయి: డీడీఆర్3 బోర్డులో డీడీఆర్4 దూరదు, గాడి వేరేచోట ఉంటుంది. ల్యాప్‌టాప్ ర్యామ్ పొట్టిది, అదీ పట్టదు.

విప్పే ముందు, విప్పాక

మొట్టమొదట పాత డిస్కులోని ఫైళ్లన్నీ బయటి డిస్కులోకి నకలు తీయండి. డాక్యుమెంట్లతోపాటు డెస్క్‌టాప్ మీదివి, బ్రౌజర్ బుక్‌మార్కులు, ఫాంట్ల ఫోల్డరు మరిచిపోవద్దు. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే చిన్న ఉచిత ప్రోగ్రామ్‌తో డిస్కు ఆరోగ్యం చూడండి. ఆకుపచ్చ రంగో, నీలం రంగో కాకుండా పసుపు కనిపిస్తే మిగతా పనులు ఆపి ముందు నకలు పూర్తి చేయండి.

తర్వాత కరెంటు తీగ పూర్తిగా పీకి, మనం సీపీయూ అని పిలిచే ఆ డబ్బా మూత తీయండి. కడపలో బండల పాలిష్ దుమ్ము ఎంత మెత్తనిదో లోపల చూస్తే తెలుస్తుంది. ప్రాసెసర్ వేడిని లాగే హీట్‌సింక్ లోహపు రెక్కల మధ్య అట్టకట్టి ఉంటుంది. ఆరుబయట బ్లోయర్‌తో ఊదండి, కానీ ఫ్యాను రెక్కను వేలితో పట్టుకోండి. గాలికి విపరీతమైన వేగంతో తిరిగితే బేరింగ్ పాడవుతుంది. ప్రాసెసర్ మీద ఎండిపోయిన థర్మల్ పేస్టును తుడిచి, కొత్తది కందిగింజంత పెట్టండి. మే నెల ఎండకు గదే నలభై డిగ్రీలకు దగ్గరైతే, పేస్టు ఎండిన ప్రాసెసర్ వేడిని వదిలించుకోలేక తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది.

ర్యామ్‌ను రెండు పక్కల గొళ్లేలూ టక్కుమని పడేవరకు నొక్కాలి. స్విచ్ వేశాక బీప్ అంటూ మొరాయిస్తే, ముక్కను తీసి బంగారు రంగు పళ్లను పెన్సిల్ రబ్బరుతో రుద్ది మళ్లీ పెట్టండి. నవ్వకండి, పనిచేస్తుంది.

ఎక్కించడం

వేరే కంప్యూటర్‌లో మింట్ వెబ్‌సైటు నుంచి ఐఎస్‌ఓ ఫైలు (ఇన్‌స్టాల్ చేయడానికి కావలసినదంతా ఉన్న ఒకే ఫైలు) దించుకోండి. సుమారు 3 జీబీ ఉంటుంది. 8 జీబీ పెన్‌డ్రైవ్ మీదికి రూఫస్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో రాయండి. పెన్‌డ్రైవ్‌లో ఉన్నవన్నీ చెరిగిపోతాయి.

ఈ వ్యాసంలో ఒక్క ముక్కే గుర్తుంచుకుంటానంటే, ఇది గుర్తుంచుకోండి: ఇన్‌స్టాల్ చేసేముందు పాత హార్డ్‌డిస్కు సాటా కేబుల్ ఊడదీయండి. డిస్కును చెరిపి ఇన్‌స్టాల్ చేయమంటారా అని అడిగే మెట్టు ఒకటి వస్తుంది. రెండు డిస్కులూ తగిలించి ఉంటే అక్కడ ఒక్క తప్పు నొక్కు చాలు, ఏళ్ల పని పోతుంది. కేబులే లేకపోతే పొరబడదామన్నా వీలుండదు.

పెన్‌డ్రైవ్ పెట్టి స్విచ్ వేయగానే బూట్ మెనూ (దేని నుంచి మొదలవ్వాలో అడిగే జాబితా) మీట వరసగా నొక్కండి. బోర్డును బట్టి అది సాధారణంగా ఎఫ్8, ఎఫ్11, ఎఫ్12లలో ఏదో ఒకటి. మింట్ పెన్‌డ్రైవ్ నుంచే నడుస్తుంది. వెంటనే ఇన్‌స్టాల్ చేయకుండా శబ్దం, ఇంటర్నెట్, ముఖ్యంగా ప్రింటర్ పరీక్షించండి. జిరాక్స్ షాపుల్లో కనిపించే కొన్ని పాత చిన్న లేజర్ ప్రింటర్లు లినక్స్‌తో చాలా సతాయిస్తాయి. ఆ సంగతి ఇప్పుడే తెలిస్తే నయం.

అన్నీ బాగుంటే తెరమీది ఇన్‌స్టాల్ గుర్తు నొక్కండి. పాటలు, వీడియోలు ఆడేందుకు కావలసిన మల్టీమీడియా కోడెక్‌ల దగ్గర టిక్కు పెట్టండి, టైమ్ జోన్ కోల్‌కతా ఎంచుకోండి. మిగతాది అదే చూసుకుంటుంది. మధ్యలో కరెంటు పోయినా భయం లేదు, ఎస్‌ఎస్‌డీ ఖాళీదే కాబట్టి మొదటి నుంచి మళ్లీ చేస్తే సరి.

తెలుగు టైపింగ్

కీబోర్డ్ సెట్టింగుల్లో తెలుగు లేఅవుట్ చేర్చితే ఇన్‌స్క్రిప్ట్ (ప్రభుత్వ ప్రామాణిక కీబోర్డు అమరిక) అలవాటున్నవారికి చాలు. డీటీపీ చేతులకు అది చాలదు. వారికి ఐబస్ అనే టైపింగ్ సాధనంతోపాటు దానికి మరిన్ని అమరికలు చేర్చే ఎం17ఎన్ ప్యాకేజీ వేస్తే ఆపిల్, పోతన, ఆర్‌టీఎస్ పద్ధతులు కూడా దొరుకుతాయి. బావ వేళ్లు అనులో ఆపిల్ కీబోర్డుకు అలవాటుపడ్డవి. అదే అమరిక మింట్‌లో కనిపించాక ఆయనకు లినక్స్ మీదున్న అనుమానం సగం తగ్గింది. మిగతా సగం అలాగే ఉంది.

పాత డిస్కును తిరిగి తగిలించడం

మింట్ అప్‌డేట్లన్నీ పూర్తయ్యాక కంప్యూటర్ ఆపి, పాత డిస్కు కేబుల్ మళ్లీ పెట్టండి. బయాస్‌లో ఎస్‌ఎస్‌డీని మొదటి స్థానంలో ఉంచండి. మామూలుగా స్విచ్ వేస్తే మింట్ వస్తుంది. పాత పత్రిక కావలసినప్పుడు బూట్ మెనూ నుంచి పాత డిస్కు ఎంచుకుంటే విండోస్ 7 వస్తుంది. 2020 జనవరిలోనే మద్దతు ఆగిన ఆ విండోస్‌కు ఇంటర్నెట్ తగలనివ్వకూడదు. దాని డివైస్ మేనేజర్‌లో నెట్‌వర్క్ కార్డును డిసేబుల్ చేయండి. మింట్‌కు దీనివల్ల ఏ ఇబ్బందీ లేదు. పాత డిస్కులోని ఫైళ్లను మింట్ నుంచే చదవవచ్చు కూడా.

విండోస్‌లోకి వెళ్లినప్పుడు గడియారం సరిగ్గా ఐదున్నర గంటలు వెనక ఉంటే కంగారుపడవద్దు. మదర్‌బోర్డు గడియారంలో లినక్స్ అంతర్జాతీయ సమయం ఉంచుతుంది, విండోస్ దాన్నే మన సమయం అనుకుంటుంది. కరెంటు తీసిన ప్రతిసారీ తేదీ ఏళ్ల వెనక్కి పోతుంటే అది వేరే జబ్బు: బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ అయిపోయింది, మార్చండి.

ఇప్పుడు టీ కాగేలోపే మింట్ తెరుచుకుంటోంది. డబ్బా మీద అక్క స్కెచ్ పెన్నుతో రాసిన చీటీ అంటించి ఉంది: "పత్రికలకు ఎఫ్11."