బిడ్డ పేరు: పిలుపులో, రాతలో, కాగితం మీద

పేరు అనుకోగానే మొదట చేయాల్సిన పని, దాన్ని వంటింట్లోంచి వీధి గుమ్మం దాకా వినపడేలా పిలిచి చూడటం. గట్టిగా పిలిచినప్పుడు తెలుగులో చివరి అచ్చు సాగుతుంది. ‘హాసినీ’, ‘వాసూ’ అని ఎంతసేపైనా సాగదీయొచ్చు. ‘దర్శ్’, ‘అంశ్’ లాంటి హలంత పేర్లు, అంటే హల్లుతో ముగిసేవి, సాగవు. అందుకే అమ్మమ్మ నోట్లో రెండో రోజుకే ‘దర్శూ’ అయిపోతుంది, చివరికి నిలిచేదీ అదే. అలా మారిన రూపం కూడా మీకు నచ్చితేనే ఆ పేరు ఖాయం చేయండి.

నక్షత్రం చూసేవాళ్లకు ఒక లెక్క. 27 నక్షత్రాలు, ఒక్కోదానికి 4 పాదాలు, ఒక్కో పాదానికి పేరు మొదలుపెట్టే ఒక అక్షరం, మొత్తం 108 అక్షరాలు. ఒక పాదం సుమారు 6 గంటలు నడుస్తుంది. కాబట్టి నర్సు బయటికొచ్చి చెప్పిన సమయం కాదు, కాన్పు రికార్డులో రాసిన సమయం తీసుకోవాలి. పాదం మారే వేళలో పుడితే పది నిమిషాల తేడాకే అక్షరం మారిపోతుంది. అమెరికాలో పుట్టిన పిల్లల విషయంలో తరచూ జరిగే పొరపాటు, అక్కడి గడియారం సమయాన్ని అలాగే తెచ్చి ఇక్కడి పంచాంగంలో చూడటం. వేసవిలో డాలస్‌కూ మనకూ పదిన్నర గంటల తేడా, అంటే దాదాపు రెండు పాదాలు. భారత కాలమానానికి మార్చాకే చూడండి.

అక్షరం మంచిదొస్తే అదృష్టమే. రోహిణికి ఓ, వా, వీ, వూ, చిత్తకు పే, పో, రా, రీ కాబట్టి బోలెడన్ని పేర్లు దొరుకుతాయి. ఆర్ద్ర మూడో పాదానికి ‘ఙ’, హస్త మూడో పాదానికి ‘ణ’ వస్తే ఏం చేస్తారు? వాటితో మొదలయ్యే పేర్లు వెతుక్కుంటూ ఎక్కడా వినని పదాలు పుట్టించకండి. బారసాలనాడు పళ్లెంలో బియ్యం పోసి ఉంగరంతో రాయించేటప్పుడు నక్షత్ర నామం వేరు, వ్యవహార నామం వేరు. ఆ వెసులుబాటు సంప్రదాయంలోనే ఉంది, వాడుకోండి.

అర్థం కోసం పేర్ల జాబితాలను నమ్మొద్దు. కొత్త పేరు ఏది కనిపించినా దాని పక్కన ‘లక్ష్మీదేవి’ అనో ‘విష్ణువు’ అనో రాసేస్తారు. ‘అన్విత’ అంటే కూడినది. ‘గుణాన్విత’ అంటే గుణాలతో కూడినది, ఒంటరిగా పెడితే దేనితో కూడిందో తేలదు. ‘అనామిక’ అంటే పేరు లేనిది, ఉంగరపు వేలు అని కూడా. చెవికి ఇంపుగా ఉందని పెట్టుకుంటే తప్పులేదు, తెలిసి పెట్టుకోండి. శబ్దరత్నాకరం లాంటి నిఘంటువుల్లో ఐదు నిమిషాలు వెతికితే తేలిపోతుంది.

అసలు తిప్పలు ఇంగ్లిష్ స్పెల్లింగులో ఉన్నాయి. మనం ‘త’కు టీ హెచ్ రాస్తాం, టీ ఒక్కటే ఉంటే ‘ట’ అని చదువుతాం. ఉత్తరాదివాళ్లకు టీ అంటే ‘త’, టీ హెచ్ అంటే ‘థ’. మన ‘హర్షిత’ను ఢిల్లీలో ‘హర్షిథ’ చేస్తారు. ‘జ్ఞ’ ఇంకా కష్టం. ‘ప్రజ్ఞ’ను మనం గ్న్య అని పలుకుతాం, హిందీవాళ్లు గ్య, మరాఠీవాళ్లు ద్న్య అంటారు. ఎవరి ఉచ్చారణను బట్టి వాళ్లు రాస్తారు. ‘లక్ష్మి’లో కె ఎస్ హెచ్ రాయాలా, ఎక్స్ రాయాలా అన్న గొడవ తెలిసిందే. ఏదో ఒకటి తేల్చుకుని కాగితం మీద రాసి గోడకు అంటించండి. తాతయ్య ఒకలా, నాన్న ఒకలా ఫారాలు నింపితే పదో తరగతి సర్టిఫికెట్ దగ్గర బయటపడుతుంది.

ఇంటిపేరు పొడి అక్షరంగా కాకుండా పూర్తిగా రాయించండి, పాస్‌పోర్టులో దానికి వేరే గడి ఉంటుంది. ‘వెంకట సాయి చరణ్’ అని పెడితే విదేశాల్లో బడిలో ‘వెంకట’ అనే పిలుస్తారు, ఎందుకంటే మొదటి మాటే పేరనుకుంటారు. తాతగారి పేరు కలపాలంటే పిలిచే పేరు ముందు, ఆయన పేరు తర్వాత. నా మట్టుకు ఒకే మాట పేరు మేలు.

తొందరపడక్కర్లేదు. జననాన్ని 21 రోజుల్లో నమోదు చేయించాలి గానీ పేరును ఏడాదిలోపు రుసుము లేకుండా చేర్చొచ్చు, ఆ తర్వాత రుసుముతో 15 ఏళ్ల దాకా. అయితే 2023 అక్టోబరు 1 నుంచి పుట్టినవాళ్లకు బడి మొదలు పాస్‌పోర్టు దాకా జనన ధ్రువపత్రమే ఆధారం. అందులో అచ్చుతప్పు ఉంటే అన్నిచోట్లా వస్తుంది, చేతికిచ్చినప్పుడే కౌంటరు దగ్గర అక్షరం అక్షరం చదవండి. ‘బేబీ ఆఫ్’ అని తల్లి పేరుతో ఆధార్ తీయించకండి. ఆధార్‌లో పేరు మార్చుకోవడానికి రెండే అవకాశాలు, ఒకటి అక్కడే ఖర్చవుతుంది.

ముద్దుపేరు మాత్రం ఎంచుకునేది కాదు, పుట్టేది. సుబ్రహ్మణ్యం సుబ్బు, సత్యనారాయణ సత్తి, లక్ష్మి లచ్చి: మొదటి అక్షరం నిలబెట్టి, రెండో హల్లు ఒత్తి, ఇ కారమో ఉ కారమో చేర్చడమే. అత్తగారి పేరు పెట్టిన పాపను ఆ పేరుతో కసరలేక కోడళ్లు ‘అమ్ములు’, ‘చిట్టి’ అని పిలవడం కూడా పాత అలవాటే. బుజ్జి, పండు, నాని ప్రతి ఇంట్లోనూ ఉంటారు, మేనత్త కొడుకు ఇప్పటికే బుజ్జి అయితే ‘పెద్ద బుజ్జి, చిన్న బుజ్జి’ పెళ్లిళ్ల దాకా సాగుతుంది. రెండేళ్లు నిండాక రోజుకు నాలుగైదుసార్లయినా అసలు పేరుతో పిలవండి. లేకపోతే బడిలో టీచరు హాజరు పిలిచినప్పుడు, ఆ పేరు తనదేనని తెలియక పిల్ల పలక్కుండా కూర్చుంటుంది.