ప్రైమరీ బిలియరీ కొలాంజైటిస్: రిపోర్టులో ఏం చూడాలి, మందు ఎలా వాడాలి

కాలేయంలో తయారైన పైత్యరసం సన్నని నాళాల గుండా పేగులోకి చేరుతుంది. ప్రైమరీ బిలియరీ కొలాంజైటిస్, క్లుప్తంగా పీబీసీ, అనే జబ్బులో మన రోగనిరోధక వ్యవస్థే కాలేయం లోపలి అతి సన్నని నాళాలపై దాడి చేస్తుంది. అవి క్రమంగా నశించేకొద్దీ పైత్యరసం లోపలే నిలిచిపోయి కాలేయ కణాలను దెబ్బతీస్తుంది. రోగుల్లో పదింట తొమ్మిది మంది స్త్రీలే. మద్యం అలవాటుకూ ఈ జబ్బుకూ సంబంధం లేదు, కాబట్టి ఎవరైనా ఆ అనుమానంతో చూస్తే పట్టించుకోనక్కర్లేదు.

రక్తపరీక్ష రిపోర్టులో ముందుగా ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ ఎంత ఉందో చూడండి. ఈ ఎంజైము ఎముకల నుంచి కూడా వస్తుంది. దానితోపాటు జీజీటీ అనే మరో కాలేయ ఎంజైము కూడా పెరిగి ఉంటే మూలం కాలేయమేనని అనుకోవచ్చు. ఈ పెరుగుదల నెలల తరబడి కొనసాగుతూ, రోగనిరోధక వ్యవస్థ సొంత కణాల భాగాలపైనే తయారుచేసే యాంటీ మైటోకాండ్రియల్ యాంటీబాడీ పరీక్ష పాజిటివ్ వస్తే, చాలా సందర్భాల్లో బయాప్సీ లేకుండానే జబ్బును నిర్ధారిస్తారు. ఆ యాంటీబాడీ ఎంత ఎక్కువుంటే జబ్బు అంత ముదిరినట్టు కాదు. దాన్ని మళ్లీ మళ్లీ చేయించడం డబ్బు దండగ. కామెర్లలో పెరిగే పసుపు పదార్థం బిలిరుబిన్ ఈ జబ్బులో సాధారణంగా ఆలస్యంగా పెరుగుతుంది గనుక, అది నార్మల్‌గా ఉందని మందు మానకూడదు.

మొదటి మందు అర్సోడియాక్సీకోలిక్ ఆసిడ్. రోజుకు కిలో బరువుకు 13 నుంచి 15 మిల్లీగ్రాములు చొప్పున, 60 కిలోలున్నవారికి 780 నుంచి 900 మిల్లీగ్రాములు, అంటే 300 మిల్లీగ్రాముల మాత్రలైతే మూడు పడతాయి. బరువు మారితే మోతాదు సరిచూడమని డాక్టరును మీరే అడగండి. దీన్ని సాధారణంగా జీవితాంతం వాడాలి. దాదాపు ఏడాది తర్వాత కూడా ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ తగినంత తగ్గకపోతే రెండో మందు జోడించడం గురించి మాట్లాడాలి.

ఇక నీరసం. అది జబ్బు తీవ్రతను బట్టి ఉండదు. రిపోర్టులు బాగున్నా మనిషి లేవలేకపోవచ్చు, దాన్ని సోమరితనంగా కొట్టిపారేయడం అన్యాయం. దురద అరచేతుల్లో, అరికాళ్లలో, ముఖ్యంగా రాత్రిపూట వేధిస్తుంది. దానికి కొలెస్టిరమైన్ పొడి ఇస్తే, అది అర్సోడియాక్సీకోలిక్ ఆసిడ్‌ను పేగులోనే పట్టేసుకుంటుంది కనుక రెండింటి మధ్య కనీసం నాలుగు గంటల ఎడం ఉంచాలి.

ఎముకలు గుల్లబారే ప్రమాదం కూడా ఉన్నందున, జబ్బు తేలిన కొత్తలోనే ఎముకల సాంద్రతకు డెక్సా స్కాన్, విటమిన్ డి పరీక్ష చేయించుకోవాలి.